కోమల చెరిపిన వెలుతురు

జడ్చర్ల చౌరస్తా దగ్గర ఎరువుల దుకాణం పైఅంతస్తులో అమరేందర్‌కు ఒక ఫోటో ల్యాబు ఉంది. కోమల అందులో ఏడేళ్ళు పనిచేసింది. ఆ ఏడేళ్ళలో ఆమె కంప్యూటర్‌లో చెరపనిది లేదు. పెళ్ళిపందిట్లో కెమెరాకు అడ్డం వచ్చిన వంటమనిషిని చెరిపింది. ఇంటివాళ్ళతో చెడిన బావగారిని గ్రూపు ఫోటోలోంచి తీసేసి, ఆయన నిలబడిన చోట పూలకుండీ పెట్టింది. అన్నిటికంటే ఎక్కువగా నలుపును చెరిపింది. పెళ్ళికూతురు కాస్త చామనఛాయ అయితే చాలు, ఆర్డరు కాగితం మీద అమరేందర్ ఎర్ర పెన్నుతో 'ముఖం తెలుపు' అని రాసి ఆమె ముందు పెట్టేవాడు. కోమలది కూడా నల్లటి ఒళ్ళే. రాసిన ప్రతిసారీ ఆమెకు ఒళ్ళు మండేది.

"గా పిల్ల ముఖం మంచిగనే ఉందన్నా. ఎందుకు సున్నం గొట్టుడు?" అని ఒకసారి అడిగేసింది.

"మనకెందుకు చెల్లె? కస్టమర్ అడిగిండు, మనం జేస్తం. మన పని గంతే."

అమరేందర్ చెడ్డవాడేమీ కాదు. కోమల తల్లి బిక్షమ్మకు జ్వరం ముదిరినప్పుడు తన బండి మీదే మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాడు. ఇంటర్‌తో చదువు ఆపేసిన పిల్లను కూర్చోబెట్టి ఫోటోషాప్ నేర్పిందీ ఆయనే. అందుకే కోమల కోపాన్ని మింగి పనిచేసేది.

నలుపును చెరపడం కాక, నలుపును తిరిగి తెచ్చే పని ఒకటి ఆమె చేతికి వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగం చేసే నవీన్ అనే అతని అక్క పెళ్ళి ఆల్బం ఈ ల్యాబులోనే అయింది. అతనికి ఆకాశం పిచ్చి. సెలవు దొరికితే అచ్చంపేట దాటి నల్లమల అంచుకు పోయి, రాత్రిళ్ళు కెమెరా నిలబెట్టి చుక్కల్ని తీసేవాడు. అంత అడవి పక్కన తీసినా ఫోటో అడుగున నారింజరంగు మసక అంటుకుని ఉండేది. దూరపు ఊర్ల లైట్ల వెలుతురు దుమ్మును తాకి ఆకాశంలోకి పాకుతుందని, దాన్ని తీసేయగలవా అని అతను అడిగాడు.

కోమల నెల రోజులు తంటాలు పడింది. ఫోటో మొత్తాన్ని నల్లగా చేస్తే మసకతోపాటు చుక్కలూ పోతాయి. కాబట్టి ముందు చుక్కల్ని వేరే పొర మీదికి తీసి దాచాలి. మిగిలిన ఆకాశంలో చుక్కలు లేని చోట్లు ఏరి, ఎక్కడ ఎంత మసక ఉందో కంప్యూటర్‌కు చూపించాలి. ఆ మసక వరకే తీసేసి, దాచిన చుక్కల్ని మళ్ళీ పైన పరచాలి. మొదటిసారి అది కుదిరిన మధ్యాహ్నం పాలపుంత ఆ కొస నుంచి ఈ కొస దాకా తెర మీదికి వచ్చింది. బడిలో బొమ్మగా చూడటమే తప్ప అసలుది ఇలా ఉంటుందని ఆమెకు తెలియదు. తమ ఊరి మీద కూడా ఇదే ఉండాలి కదా, ఎందుకు కనబడదు అనుకుంది. దానికి కారణం ఊరి చివరే ఉంది.

ఆమె ఊరు ఎర్రగుట్టపల్లె, జడ్చర్లకు పది కిలోమీటర్లు. ఆమె తండ్రి ఏసోబుకు హైవే పక్కన రెండెకరాల చెల్క, వాన మీదే పండే ఎర్రనేల, ఉంది. ఏసోబు తండ్రి జీవితమంతా ఇంకొకరి భూమిలో పాలేరుగా జీతమున్న మనిషి. ఆఖరి రోజుల్లో సర్కారు ఆయనకు ఇచ్చిన అసైన్‌మెంట్ భూమి అది. రాళ్ళు ఏరి, కంపలు నరికి, దాన్ని చేను చేసింది ఏసోబు, బిక్షమ్మ. ఏటా అందులో కంది వేసేవారు. ఆదివారం చర్చికి పోయి వచ్చాక కూడా ఏసోబు ఒకసారి చేను చూసి రానిదే అన్నం ముట్టడు.

ఆ చేనుకు ఆనుకునే ఒక గోదాముల కంపెనీ వచ్చింది. రాత్రింబగళ్ళు లారీలు. ప్రహరీ పొడవునా ఎత్తైన స్తంభాలు, వాటి నెత్తిన తెల్లటి ఫోకస్ లైట్లు. ఆరింటికి వెలిగితే తెల్లారేదాకా ఆరవు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. కంది మనిషెత్తు దాటి నల్లటి ఆకుతో ఏపుగా లేచింది. ఏసోబు మురిసిపోయాడు.

అక్టోబరులో అమరేందర్ ఒక ఫోటో తెచ్చి కోమల ముందు పెట్టాడు. కంపెనీ వాళ్ళ ఫోటోగ్రాఫర్ గోదాము కప్పు మీదికెక్కి, కెమెరాను బయటికి తిప్పి తీసిన రాత్రి ఫోటో. కింద చేలు, వెనుక గుట్ట, పైన ఆకాశం.

"కొత్త సంవత్సరం క్యాలెండర్‌కంట. మసకంత తీసేసి చుక్కలు మంచిగ రావాలె. చేన్ల మీద గూడ వెలుగు మస్తున్నది, జర చీకటి జెయ్యి," అన్నాడు.

గుట్టను చూడగానే కోమల గుర్తుపట్టింది. అది తమ చేనే. ఫోకస్ లైట్ల కింద కందిఆకులు లెక్కపెట్టేంత తేటగా మెరుస్తున్నాయి. తమ చేను అందరి గోడల మీద వేలాడబోతున్నదని ఆమెకు సంబరమేసింది. రెండు రోజులు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసింది. ఆకాశం కడిగి చుక్కలు పరిచింది. చేలను ముదురు నీలంలో ముంచింది. చేనుగట్టు మీది తుమ్మచెట్టు కొమ్మల మధ్య తెల్లటి మరక మాత్రం ఎంతకీ వదలకపోతే, పక్క కొమ్మనే తెచ్చి దాని మీద అతికించింది. ఇంటికి పోయి ఫోన్‌లో తల్లికి చూపించింది.

బిక్షమ్మ కళ్ళు చికిలించి చూసింది. "గిది మన చేనేనా? గింత చీకటి యాడున్నది బిడ్డా అక్కడ? కాల్ల ముల్లిరిగితె నడిరాత్రి గూడ తీసుకోవచ్చు."

కోమల నవ్వి ఊరుకుంది. తర్వాత ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసేది.

నవంబరు వచ్చింది. ఊరి కంది అంతా పసుప్పచ్చగా పూసింది. ఏసోబు చేనులో ప్రహరీ వైపు ఎకరన్నర పూయలేదు. ఆకు మీద ఆకు వేస్తూ పోతున్నది తప్ప మొగ్గ లేదు. పక్కచేను గుర్వయ్యదీ అదే గతి. ఏసోబు నకిలీ విత్తనమని జడ్చర్లకు పోయి దుకాణంలో గొడవ పెట్టుకున్నాడు. అదే సంచిలోని విత్తనం చేను ఆ చివర పూసింది కదా అని దుకాణందారు ఎదురడిగాడు. ఏసోబు బస్సెక్కాడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఇంటికి వచ్చి చెంబు విసిరికొట్టాడు.

చివరికి మండల వ్యవసాయాధికారి మంజులత వచ్చి చూసింది. కొమ్మలు వంచి చూసింది, తలెత్తి స్తంభాలు చూసింది.

"విత్తనం తప్పు కాదు పెద్దాయనా. కంది పూయాలంటే రాత్రి పొడుగు కావాలి. చలికాలం వచ్చి చీకటి పెరిగితేనే దానికి పూతకాలం వచ్చిందని తెలుస్తుంది. ఇక్కడ దానికి రాత్రే లేదు. ఈ లైట్లకు అది ఇంకా ఎండాకాలమే అనుకుంటున్నది. అర్జీ పెట్టండి, నేనూ రిపోర్టు రాస్తాను," అంది.

ఏసోబు, గుర్వయ్య కలిసి మండలాఫీసులో అర్జీ పెట్టారు. డిసెంబరు మొదటివారంలో విచారణ జరిగింది. కంపెనీ తరఫున మేనేజర్ పరమేష్ వచ్చాడు. తమ లైట్లు ప్రహరీ లోపలికే పడతాయని ఒక లెటరు, దానికి రుజువుగా పెద్ద ఫోటో ఒకటి తహసీల్దారు బల్ల మీద పెట్టాడు. ఫలానా తేదీన, రాత్రి పది గంటలకు, గోదాము కప్పు మీంచి తీసినదని దాని కింద రాసి ఉంది. ఫోటోలో చేలన్నీ చిక్కటి చీకటి. పైన ధగధగా చుక్కలు.

"ఇంత చీకటున్న జాగాల చుక్కలు గుడ కనబడుతున్నయి సార్. వెలుగు యాడిది?" అన్నాడు పరమేష్. పోతూ పోతూ ఏసోబు వైపు తిరిగి, "సర్కారు ఊకెనే ఇచ్చిన భూమికి గింత లొల్లి అవసరమా?" అన్నాడు.

ఏసోబు ఆ ఫోటో నకలు తెచ్చి గడపలో కూర్చున్నాడు. సాయంత్రం బస్సు దిగి వచ్చిన కోమల దాన్ని చేతిలోకి తీసుకుంది. తుమ్మచెట్టు చూసింది. ఒకే కొమ్మ రెండుసార్లు ఉంది.

ఏడుపు వస్తుందనుకుంది కానీ రాలేదు. అరికాలి నుంచి మంట లేచినట్టయింది. తండ్రి అర్జీని కొట్టేయించడానికి వాళ్ళు వాడింది ఆమె చేతిపనినే. ఆమె ఎంత బాగా చేస్తే అంత బాగా పనికొచ్చింది.

"నాయినా, గీ ఫోటో నేనే జేసిన," అంది.

ఏసోబుకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక తిట్టలేదు. లేచి లోపలికి పోయాడు. తిట్టినా బాగుండేదని కోమల చాలాసార్లు తర్వాత అనుకుంది.

మర్నాడు ల్యాబు తెరవగానే ఫోటోను అమరేందర్ బల్ల మీద పెట్టింది.

"క్యాలెండర్‌కు అన్నవ్ గదన్నా. గిదేంది?"

అమరేందర్ చూసి తల గోక్కున్నాడు. "నాకేం తెలుసు? వాళ్ళ ఫోటో, వాళ్ళిష్టం. ఎందుకు వాడుకుంటరో మనం అడుగుతమా?"

"మా నాయిన అర్జీ కొట్టేయించెతందుకు వాడుకున్నరు. నా చేతుల్తోని."

"గొంతు దించు. కింద జనముంటరు. దాని మీద నీ పేరున్నదా, నా పేరున్నదా? మన పని గంతే చెల్లె."

"ఏడేండ్ల సంది గిదే మాట. గంతే, గంతే! పిల్లల ముఖాలకు సున్నం కొట్టించినవు, గంతే అన్నవ్. గిప్పుడు నా నోట్లె మన్ను కొట్టించినవు. గిది గూడ గంతేనా?"

కోమల అసలు ఫోటో అడిగింది. కెమెరా ఎట్లా చూసిందో అట్లా దాచుకునే ఫైలు ఒకటి ఉంటుంది, దాని మీదే పనిచేసేది. తీసేశానన్నాడు అమరేందర్. పాత ఫైళ్ళన్నీ హార్డ్‌డిస్కులో భద్రం చేసేది కోమలే కాబట్టి ఆ అబద్ధం చెల్లలేదు. దొంగచాటుగా తీసుకోవడం ఆమెకు ఇష్టం లేదు. ఆయన చూస్తుండగానే పెన్‌డ్రైవ్ పెట్టి, ఆయన చూస్తుండగానే ఎక్కించుకుంది.

"కంపెనీ ఆర్డర్లు పోతయి కోమలా. అది పట్టుకోని పోతే మల్ల రాకు," అన్నాడు అమరేందర్. ఆ గొంతులో బెదిరింపుకన్నా భయమే ఎక్కువ ఉంది.

కోమల కుర్చీ వెనుక వేలాడుతున్న తన సంచి తీసుకుని మెట్లు దిగింది.

కోమల చెప్పింది విని మంజులత తహసీల్దారుతో రెండో విచారణ పెట్టించి, అక్కడ తన కంప్యూటర్ ఇచ్చింది. కోమల అసలు ఫోటో తెరిచి, పొర తర్వాత పొర తీసి చూపించింది. మసక ఎక్కడ తీసిందో, చేలను ఎక్కడ ముంచిందో, తుమ్మకొమ్మ ఎక్కడ అతికించిందో. తహసీల్దారు ముందుకు వంగి చూశాడు. పరమేష్ మాత్రం నవ్వాడు.

"సార్, ఈమె అర్జీదారు బిడ్డ. వెలుగు తీసుడు వచ్చినామెకు పెట్టుడు రాదా? రెండిట్ల ఏది అసలో ఈమె చెప్పితే మనం నమ్మాల్నా?"

తాను చేసిన పనే కోమల నోరు మూయబోయింది. "ఇది మీ ఫోటోగ్రాఫర్ కెమెరాల పుట్టిన ఫైలు. ఆయన్నే పిలువుండ్రి," అంది. ఆయన పని మానేసి పోయాడన్నాడు పరమేష్. "అయితే ఫోటోలే వద్దు సార్. పొద్దుమూకినంక వచ్చి చేన్ల నిలవడండ్రి. మీ కండ్లతోని మీరే చూడుండ్రి."

తహసీల్దారు సరేనన్నాడు. మర్నాడు సాయంత్రం ఏడింటికి జీపు వచ్చింది. ఊరి జనం గట్టు మీద నిలబడ్డారు. ప్రహరీ మీది లైట్లలో చేల వైపున్నవి ఒక్కటీ వెలగలేదు. చేను చీకట్లో ఉంది. పరమేష్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చూసినరా సార్?"

బిక్షమ్మ మన్ను పిడికిట పట్టి లేపింది. "మీ ఇండ్లల్ల దీపం ఆరిపోను! నిన్నటిదాకా ఎలగలేదా? మాకు కండ్లు లెవ్వా?" గుర్వయ్య ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. జీపు వెళ్ళిపోయింది. ఏసోబు అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే కోమల చేనుకు పోయింది. ఏం వెతుకుతున్నదో ఆమెకే తెలియదు, కోపం కుదురుగా ఉండనివ్వక నడిచింది. ఆకు తప్ప ఏమీ లేని సాళ్ళ మధ్య నడుస్తూ, పక్కచేనులో ఉన్న గుర్వయ్య మోటారు గది వెనక్కి వచ్చేసరికి చేతికి కాయలు తగిలాయి. ఆగింది. గది వెనుక ఒక పట్టె నిండా కంది విరగకాసి ఉంది. పట్టెకు అటూ ఇటూ ఒక్క కాయ లేదు. పట్టె గది దగ్గర సన్నగా మొదలై, పోనుపోను విసనకర్రలా వెడల్పయింది.

ఒక ఫోటోలో లేని మనిషిని తెచ్చి అతికించాలంటే కోమల మొట్టమొదట చూసేది నీడను. వెలుతురు ఎటునుంచి వస్తే నీడ ఎటు పడుతుందో అన్నది ఆమెకు కొట్టినపిండి. ఇప్పుడు ఆమె ముందున్నది నీడే. నెలల తరబడి ప్రతి రాత్రీ లైటు వెలుతురు గదికి తగిలి ఆగింది. గది నీడ పడినంత మేరా కందికి రాత్రి దొరికింది. అక్కడే పూసింది, అక్కడే కాసింది. దీన్ని ఎవరూ స్విచ్చి నొక్కి ఆర్పలేరు.

మంజులతకు ఫోన్ చేసింది. ఆమె మధ్యాహ్నానికల్లా తహసీల్దారును, సర్వేయరును వెంటబెట్టుకుని వచ్చింది. పరమేష్‌నూ పిలిపించారు. కోమల మోట తాడు తెచ్చి, కాయలున్న పట్టె కుడి అంచున ఒక కొసను గుర్వయ్యకు ఇచ్చింది. తాడును గది మూలకు ఆనించి, బిగించి లాగుతూ ముందుకు నడిచింది. తాడు చక్కగా పోయి గదికి అన్నిటికంటే దగ్గరున్న మూడో స్తంభానికి ఎదురుగా ఆగింది. ఎడమ అంచు నుంచి రెండో మూలకు ఆనించి లాగితే అదీ ఆ స్తంభం దగ్గరికే వచ్చింది.

"గిది గూడ నేనే పెట్టిన్నా సార్?" అంది పరమేష్ వైపు తిరిగి. "గీ కాయలు నేనే అతికిచ్చిన్నా? జెప్పు! మా తాత జీతముండి సంపాయించిన భూమిని ఊకెనే వచ్చిందంటివి. నా పనినే నా మీదికి తెస్తివి. రాత్రి లైట్లు బందు వెట్టి మా అమ్మను అందరి ముంగట పిచ్చిదాన్ని జేస్తివి. గిప్పుడు మాట్లాడు!"

పరమేష్ తాడు వైపు చూశాడు, స్తంభం వైపు చూశాడు. ఫోన్ వచ్చినట్టు పక్కకు పోయాడు. సర్వేయరు కొలతలు రాసుకున్నాడు. తహసీల్దారు అక్కడే గట్టు మీద కూర్చుని పంచనామా రాయించాడు. ఏసోబు వేలిముద్ర వేయబోతే కోమల పెన్ను ఇచ్చి సంతకం పెట్టించింది. ఆయనకు పేరు రాయడం వచ్చు. ఆఫీసుల్లో ఎవరూ అడగక ఎప్పుడూ రాయలేదు.

నెల తిరక్కముందే ఆర్డరు వచ్చింది. చేల వైపున్న లైట్లన్నిటికీ వెలుతురు కిందికే పడేలా రేకు మూతలు పెట్టాలి, వాటి ముఖాలు లోపలికి తిప్పాలి. పోయిన పంటకు మాత్రం ఏమీ రాలేదు. దానికి రూలు లేదన్నారు. ఏసోబు కాయని కందిని కొట్టి కట్టెలకు వేశాడు. తప్పుడు ఫోటో పెట్టినందుకు కంపెనీ మీద ఏ చర్యా లేదు. పరమేష్ ఉద్యోగం పరమేష్‌కు ఉంది. ఈ సంగతి ఎవరు ఎత్తినా కోమల ఇప్పటికీ మండిపడుతుంది.

అమరేందర్ రెండు నెలలకు ఫోన్ చేశాడు. పని ఆగిపోతున్నది, వచ్చెయ్యమన్నాడు. ముఖాలు తెల్లగా చెయ్యననీ, ఏ ఫోటో ఎందుకో కాగితం మీద రాయించుకోనిదే ముట్టననీ కోమల చెప్పింది. ఆయన ఆలోచించి చెప్తానన్నాడు, చెప్పలేదు. ఆమె పాత కంప్యూటర్ ఒకటి కొని ఇంట్లోనే పెట్టుకుంది. నవీన్ ఫోటోలు పంపుతూనే ఉన్నాడు. అతనితోనూ ఒక గొడవ అయింది. ఆమె కడిగిన ఫోటోకు అతను ఇంటర్నెట్‌లో 'నల్లమల మీద మచ్చలేని ఆకాశం' అని రాసుకున్నాడు.

"మచ్చ లేకనా? నేను తీస్తేనే గద పోయింది," అని ఫోన్‌లో విరుచుకుపడింది. "ఉన్నదాన్ని లేదని చెప్తే, రేపు ఆడ గూడ లైట్లు పెట్టినోడు గదే ఫోటో చూపిస్తడు. చుక్కలు చూపెట్టు, వద్దన్లే. కని గీ వెలుతురు కంప్యూటర్ల తీసినమని కింద రాయి. అసలుది పక్కన పెట్టు."

నవీన్ కొంచెం నొచ్చుకున్నాడు. వారం తర్వాత రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టాడు. ఆమె పేరు కూడా రాశాడు. ఆ తర్వాత ఇంకో నలుగురు ఆకాశం పిచ్చివాళ్ళు ఆమెకు పని పంపడం మొదలుపెట్టారు. అందరికీ ఆమె షరతు అదే.

మరుసటి ఏడు ఏసోబు చేను పూసింది. ప్రహరీ దగ్గరి నాలుగు సాళ్ళు ఆలస్యమయ్యాయి కానీ అవీ పూశాయి. అక్టోబరు చివర ఈదురుగాలికి ఒక లైటు మూత ఊడి పడింది. కోమల మూడు రోజులు చూసింది. ఎవరూ పెట్టలేదు. నాలుగో రోజు పొద్దున ఆర్డరు కాగితం పట్టుకుని కంపెనీ గేటు దగ్గరికి పోయింది.

"సారు లేడు. రేపు రాపో," అన్నాడు వాచ్‌మన్.

"రేపటిదాకా కంది ఆగుతదా? నిచ్చెన తెప్పియ్యి. మూత పెట్టేదాకా నేనీడనే ఉంట," అని గేటు పక్క బండరాయి మీద కూర్చుంది. లారీలు ఆమె మీదికి దుమ్ము లేపుకుంటూ పోయాయి. పన్నెండింటికి ఇద్దరు మనుషులు నిచ్చెన మోసుకుని వచ్చారు. వాళ్ళు మూత బిగించి, రెండుసార్లు ఊపి చూసి, కిందికి దిగేదాకా ఆమె లేవలేదు.